ఎవరు పిలిచినా పలకొద్దు

మా కాలనీకి పిల్లల స్కూలు ఆటో ఏనాడూ వేళకి వచ్చేది కాదు. ఆ పుణ్యమా అని సాయంత్రం గేటు దగ్గర నిలబడే తల్లులమందరం ఒకరికొకరం డాక్టర్లం, పంతులమ్మలం, పోలీసులం అయిపోయేవాళ్ళం. విశాఖపట్నంలో పిల్లల్ని పెంచడం నేను నేర్చుకున్నది ఆ గేటు దగ్గరే. జలుబు చేస్తే తమలపాకుకి ఆముదం రాసి, సెగ చూపించి గుండెల మీద వెయ్యాలి. బకెట్లో నీళ్ళు నిలవ ఉంచకూడదు, పాకే పిల్లలు తలకిందులుగా పడిపోతారు. రూపాయి బిళ్ళలు అందేచోట పెట్టకూడదు. యూనిఫాం కాలరు లోపల ఫోన్ నంబరు రాసిన గుడ్డ కుట్టాలి. మాకు ఫోన్ లేదు కనక కిందింటివాళ్ళని అడిగి వాళ్ళ నంబరు కుట్టాను.

వాళ్ళు చెప్పినవన్నీ నమ్మాను. ఎందుకంటే నేను కొండ మనిషిని. అరకు నుంచి పెదబయలు వైపు వెళ్ళే జీపు ఎక్కి, దారిలో దిగి, మేం గెడ్డ అనే కొండవాగు దాటి, ఎత్తు ఎక్కితే వచ్చే చిన్న ఊరు మాది. అరకులో హాస్టల్లో ఉండి చదువుకుని, ఒక ఆఫీసులో గుమస్తా ఉద్యోగం సంపాదించుకుని, మైదానపు అబ్బాయిని పెళ్ళి చేసుకుని పట్నంలో పడ్డాను. మా ఊళ్ళో పిల్లల్ని ఎవరూ పెంచరు, వాళ్ళే పెరుగుతారు. ఆకలేస్తే ఏ ఇల్లు దగ్గరుంటే ఆ ఇంట్లోకి దూరి తింటారు. నిద్రొస్తే ఏ అరుగు కనిపిస్తే ఆ అరుగు మీద పడుకుంటారు. పొద్దుగూకాక ఎవరి పిల్లల్ని వాళ్ళు ఏరుకుని తెచ్చుకుంటారు. అలాంటి చోట పెరిగినదాన్ని నాకు పట్నంలో పిల్లల్ని సాకడం తెలియదేమోనని లోపల్లోపల బెరుకు. "కొండ నుంచి వచ్చింది కదా, పాపం, ఏం తెలుస్తుంది" అని వెనకాల అనుకుంటారేమోనని ఇంకో బెరుకు. అందుకే ఎవరే సలహా ఇచ్చినా, ఇచ్చినవాళ్ళకంటే ఎక్కువగా నేనే పాటించేదాన్ని.

మా పై ఇంటావిడ ఈ సలహాల విషయంలో అందరికీ పెద్ద. ముగ్గురు పిల్లల తల్లి, గొంతు కూడా పెద్దదే. నా కూతురు ఎల్.కే.జీలో చేరిన ఏడాది, కొడుకు ఇంకా పాకుతున్న రోజుల్లో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న పుకారు ఊరంతా పాకింది. ఫలానా పేటలో ఒక పిల్లని గోనెలో వేసుకుపోయారట, ఇంకెక్కడో ఐస్‌ఫ్రూట్ ఆశ చూపించి రైలెక్కించేశారట. ఎవరూ చూసింది లేదు, అందరూ విన్నదే. నేను మాత్రం కళ్ళారా చూసినంత గట్టిగా నమ్మాను. రాత్రి తలుపు గడియ పెట్టాక మళ్ళీ లేచి గడియ చూసుకునేదాన్ని.

ఒక సాయంత్రం నా కూతురు ఆటో దిగి, పక్క వీధిలో కొబ్బరికాయలమ్మే ముసలాయన పలకరిస్తే నవ్వింది. పై ఇంటావిడ చూసింది. నా వైపు తిరిగి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"ఏటమ్మా నువ్వు! గుంటని అలాగొదిలేత్తే ఎలాగ? ఎవుడు పిలిసినా నవ్వుతాదేటి? ఇయ్యాల నవ్వుతాది, రేపు ఎనకాల ఎల్లిపోద్ది."

"ఏం చెయ్యమంటారండీ?" అన్నాను.

"నేర్పాలమ్మా. నేను మా పిల్లలికి నేర్పలేదా? మీ అమ్మ పంపింది రా అంటారు, ఎల్లకూడదు. మీ ఇంటికాడ దింపుతానంటారు, ఎల్లకూడదు. ఎవరు పిలిసినా పలక్కూడదు. పలికితే ఎక్కడున్నారో తెలిసిపోద్ది కదేటి? పరిగెట్టి దాక్కోవాలి. అమ్మ వొచ్చేదాకా కదలకూడదు, అంతే."

మిగతా తల్లులు తలలూపారు. ఎవరికి తోచింది వాళ్ళు కలిపారు. నేను అన్నీ మనసులో మూటగట్టుకుని ఇంటికి వెళ్ళాను.

ఆ ఆదివారం నుంచి మా ఇంట్లో శిక్షణ మొదలైంది. మా ఆయన్ని బయటికి పంపించి, గొంతు మార్చి "పాపా, మీ అమ్మ పంపింది, రా" అని పిలవమనేదాన్ని. కూతురు బియ్యం డ్రమ్ము వెనక దాక్కునేది. ఆయన గది గదీ వెతుకుతూ, బతిమాలుతూ, బిస్కెట్ ఇస్తానని ఆశ పెడుతూ తిరిగేవాడు. అది కిక్కురుమనేది కాదు. చివరికి నేను వెళ్ళి "నేనే తల్లీ, రా" అంటేనే బయటికి వచ్చేది. వచ్చాక ఆ బిస్కెట్ నేనిచ్చేదాన్ని. కొన్నాళ్ళకి ఆయన మామూలు గొంతుతో పిలిచినా అది డ్రమ్ము వెనకే ఉండిపోవడం మొదలుపెట్టింది.

"ఇదేటే, నాక్కూడా పలకట్లేదు!" అని ఆయన నవ్వాడు. "రేపు నీక్కూడా పలకదు సూడు."

"పలకక్కర్లేదు, ప్రాణాలతో ఉంటే చాలు" అన్నాను. పిల్ల అంత బాగా నేర్చుకున్నందుకు లోపల మురిసిపోయాను కూడా. అది ఏది చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేసే రకం. పలకమీద గీసిన గీత దాటి రాయమంటే ఏడ్చేది.

దసరా సెలవుల్లో మా తమ్ముడు సంత రోజున ఎస్టీడీ బూత్ నుంచి కిందింటివాళ్ళకి ఫోన్ చేశాడు. సామలు కోతకొచ్చాయి, కొత్త తినే పండగ చేస్తున్నాం, పిల్లల్ని తీసుకుని రమ్మన్నాడు. కొత్త పంట వండి, కోడిని కోసి, దేవతకి పెట్టి, ఆ తర్వాతే ఇంట్లో తినాలి మా దగ్గర. మా ఆయనకి సెలవు దొరకలేదు. ఇద్దరు పిల్లల్ని వేసుకుని నేనే పొద్దున్న రైలెక్కాను. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో చీకటి పడేది, కుర్రాళ్ళు కేకలు పెట్టేవాళ్ళు. నా కూతురు నా కొంగు పట్టుకుని ఊపిరి బిగబట్టేది. నేను కొంగుని దాని చేతికి రెండు చుట్లు చుట్టాను.

ఊరు చేరాక మొదటి రోజంతా అది నా వెనకే తిరిగింది. ఎవరు చెయ్యి చాపినా వెళ్ళలేదు. మా మరదలు జొన్నపేలాలు పెడితే నా వైపు చూసింది తినొచ్చా అని. పేరు అడిగినవాళ్ళకి చెప్పలేదు.

"ఏటే, నీ గుంట మూగదేటి?" అంది మా అమ్మ.

"కాదే. తెలీనివాళ్ళకి పలకొద్దని నేర్పాను. పట్నంలో పిల్లల్ని ఎత్తుకుపోతారు."

"ఇక్కడెవులున్నారే ఎత్తుకుపోడానికి? ఎవుల గుంటలు ఆలకే ఎక్కువైపోతంటే!" అని మా అమ్మ పడీపడీ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. నీకేం తెలుసు నా భయం అనుకున్నాను.

మర్నాడు పండగ. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊరి పిల్లలు మంద మందగా ఊరి పైనున్న కాఫీ తోటలోకి పోతుంటే నా కూతురు కూడా వాళ్ళ వెంట వెళ్ళింది. తనంత తానే వెళ్ళింది. చూసి నాకు సంతోషమేసింది, కాదనలేదు. ఇంటి గుమ్మంలోంచి తోట కనిపిస్తూనే ఉంటుంది. పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద గుబురుగా కాఫీ మొక్కలు. కొడుకుని పక్కలో వేసుకుని గోడకి ఆనుకున్నాను. రైలు ప్రయాణపు బడలికకి కునుకు పట్టింది.

మెలకువ వచ్చేసరికి తోట లేదు. మంచు దిగిపోయింది. గుమ్మం ముందున్న పనస చెట్టు కూడా సగమే కనిపిస్తోంది. పిల్లలందరూ తిరిగొచ్చి పొయ్యి చుట్టూ చేరి ఉన్నారు. నా కూతురు అందులో లేదు.

"నా పిల్లేదీ?"

"వొత్తాది. ఏ ఇంట్లోనో ఉంటాది" అంది మా మరదలు, కంగారేమీ లేకుండా. ఆమె పిల్లలు రోజూ ఏదో ఒక ఇంట్లోనే ఉంటారు. నేను ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి ఇంట్లోనూ పొగలోంచి ఒకే మాట, ఇక్కడికి రాలేదే అని. చివరికి ఒక్క ఇల్లు మిగిలింది. ఆ ఇల్లు కూడా అయిపోతే ఇంక అడగడానికి ఇల్లుండదని, గుమ్మం ముందు నిలబడి అడగడానికే భయపడ్డాను.

పిల్లల్ని కూచోబెట్టి అడిగితే, మంచు పడుతుంటే అందరం పరిగెత్తుకొచ్చేశాం, అది వెనకే వస్తోందనుకున్నాం అన్నారు. అంతలో తోట వైపు నుంచి మా చిన్నాన్న కట్టెల మోపుతో వచ్చాడు. చిన్నాన్నంటే సొంత చిన్నాన్న కాదు, మా నాన్నకి పినతండ్రి కొడుకు. మా నాన్న పోయాక మా ఇంటి మంచీ చెడూ చూసింది ఆయనే, నన్ను భుజాన వేసుకుని గెడ్డ దాటించి హాస్టల్లో దింపిందీ ఆయనే. వస్తూనే, "గుంట ఇంటికొచ్చిందా?" అని అడిగాడు.

"నువ్వు చూశావా?" అన్నాను.

"తోట మీది కొసన సూసాను. ఒక్కత్తే నిలబడుంది. సీకటి పడతంది, రాయే, అమ్మకాడ దింపుతాను అన్నాను. నన్ను సూడగానే లగెత్తింది. ఎనకాల నాలుగడుగులేసాను. ఏసినకొద్దీ ఉరకతంది. పడిపోద్దేమోనని నేనాగిపోయాను. ఇంటికొచ్చేసుంటాదిలే అనుకున్నాను."

ఆయన భుజం మీద గొడ్డలి ఉంది. తలకి తువ్వాలు, గెడ్డం, పొగకి ఎర్రబడిన కళ్ళు. నా కూతురు చూసింది ఈ మనిషినే కదా అనుకున్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. పట్నంలో గేటు దగ్గర విన్న మాటలన్నీ ఒక్కసారిగా బుర్రలో గిర్రున తిరిగి, ఈయన చెప్పేది నిజమేనా అన్న అనుమానం కూడా వచ్చింది. నోటితో అనలేదు. కానీ ఆయన నా మొహం చూశాడు, చూపు దించుకున్నాడు. కట్టెల మోపు అక్కడే పడేసి, మళ్ళీ తోట వైపు నడిచాడు.

ఆ తోట దాటితే అడవి. తోటకి కుడి పక్క గెడ్డ, వానలకి అప్పుడు నిండుగా పారుతోంది. ఆ ఏడు ఎలుగుబంట్లు కూడా కిందికి దిగుతున్నాయని పొద్దున్నే మాటల్లో విన్నాను. వీటన్నిటికీ తోడు ఇంకో భయం ఉంది, దాన్ని ఎవరూ పైకి అనలేదు. ఆ రోజుల్లో మా కొండల్లో చీకటి పడ్డాక దీపం పట్టుకుని తిరిగితే దాన్ని దూరం నుంచి చూసేవాళ్ళుండేవారు. పోలీసులు కావచ్చు, అన్నలు కావచ్చు. ఎవరైనా సరే, ముందు అనుమానపడి తర్వాత అడుగుతారు. అందుకే మొగవాళ్ళు చిన్న టార్చిలైట్లు తీసుకోలేదు. ఎండు వెదుళ్ళు కట్టగట్టి పెద్ద మంటలు వెలిగించారు. మేం దాక్కుని తిరగడం లేదు, బిడ్డ కోసం వెతుకుతున్నాం అని కొండకంతటికీ తెలిసేలా పళ్ళేలు మోగిస్తూ, కూకలు వేస్తూ బయల్దేరారు. తమ్ముడు అందరికంటే ముందున్నాడు. పండగ పూట తిని కూచున్నవాళ్ళు ఒక్కరు కూడా ఇంట్లో ఆగలేదు.

నేను వాళ్ళ మధ్యలో పరిగెత్తుతూ నా కూతుర్ని పేరు పెట్టి అరిచాను. ఒక్కసారే అరిచాను. మా అమ్మ వెనక నుంచి వచ్చి నా నోరు మూసేసింది.

"పేరెట్టి పిలవకే! పొద్దు గూకాక అడివిలో పేరెట్టి పిలుత్తారేటే? ఇంటే నీ గొంతుతో అదే పిలుత్తాది గుంటని!"

మా ఊళ్ళో ఆ నియమం నాకు పాలతో పాటు వచ్చింది. చీకటి పడ్డాక అడవిలో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. అక్కడుండేది ఆ పేరు నేర్చుకుని, తల్లి గొంతుతో పిలిచి లోపలికి తీసుకుపోతుందని నమ్మకం. అందుకే ఎవరు తప్పిపోయినా 'కూ' అని మాత్రమే కూక వేస్తారు. చిన్నప్పుడు నేను కూడా ఎన్నోసార్లు ఆ కూకకి బదులు కూక వేస్తూ ఇల్లు చేరినదాన్నే.

"దానికి మీ కూకలు తెలీవే అమ్మా! పేరు తప్ప ఏం తెలీదు దానికి!" అని మొత్తుకున్నాను.

అన్నానే కానీ, రెండోసారి పేరు నా నోటికి రాలేదు. చదువుకున్నదాన్ని, ఆఫీసులో కూచుని ఫైళ్ళు రాసేదాన్ని, ఆ మంచులో నిలబడి నిజంగానే భయపడ్డాను. పిలిస్తే అడవి వింటుందని భయం, పిలవకపోతే పిల్ల వినదని భయం. రెంటికీ మధ్య "తల్లీ! అమ్మలూ! అమ్మనే! నేనే! ఎక్కడున్నావే!" అని పేరు లేకుండా అరిచాను. గొంతు చీలిపోయేదాకా అరిచాను. నా చుట్టూ పళ్ళేల మోత, కూకలు, మంటల చిటపటలు. ఆ రొదలో నా గొంతు నాకే వినపడటం లేదు. ఆగండి, ఒక్కసారి ఆగండి అని వాళ్ళని బతిమాలాను. వాళ్ళు ఆగారు. అప్పుడు అడవి నుంచి ఏ చప్పుడూ లేకపోవడం విని, మళ్ళీ మోగించమని నేనే చెప్పాను.

గెడ్డ దగ్గర మంట ఒకటి కదలకుండా నిలబడిపోయింది. అది తమ్ముడిది. నేను పడుతూ లేస్తూ వెళ్ళేసరికి వాడు చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏంట్రా అది?"

"ఏటీ లేదు, నువ్వు మీదికెల్లు."

చెయ్యి లాగి చూశాను. నా కూతురి చెప్పు. ఎర్ర రబ్బరు చెప్పు, పట్టీ తెగిపోయి ఉంది. పక్కనే గెడ్డ బురద రంగులో పరవళ్ళు తొక్కుతోంది. ఆ తర్వాత కాసేపు ఏం జరిగిందో నాకు సరిగా గుర్తులేదు. ఎవరో నన్ను రెక్కలు పట్టుకుని తోట అంచున బండ మీద కూచోబెట్టారు. మొగవాళ్ళందరూ మంటలు తీసుకుని గెడ్డ వెంబడి కిందికి దిగారు. నీళ్ళలో వెతకడానికని ఎవరూ నాతో చెప్పలేదు, చెప్పకుండానే తెలిసింది. చిన్నాన్న నడుముకి తాడు కట్టుకుంటున్నాడు. చూడలేక తల తిప్పుకున్నాను.

మా అమ్మ ఇంట్లోంచి నా కొడుకుని తెచ్చి ఒళ్ళో పడేసింది. వాడు ఆకలికి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. "పాలియ్యి, పాలిచ్చి ఊరుకోబెట్టు" అని, తను కూడా గెడ్డ వైపు పరిగెత్తింది. బండ మీద నేనూ, వాడూ మిగిలాం. మంటలు దూరమయ్యాయి. చీకటి, మంచు, తడిసిన ఆకుల వాసన.

ఆ సమయంలో పాలు ఎలా వచ్చాయో నాకు తెలియదు. వాడికివేమీ పట్టవు కదా. రొమ్ము దొరకగానే ఏడుపు ఆపి, కొత్తగా వచ్చిన పళ్ళతో కసుక్కున కొరికాడు. రోజూ కొరుకుతాడు, రోజూ నేను తిడతాను. ఆ రోజు కూడా అలవాటు కొద్దీ నోటికి వచ్చేసింది. అరవడానికి గొంతు మిగల్లేదు కనక మెల్లగా, విసుగ్గా అన్నాను.

"అబ్బ, కొరక్కురా. ఎన్నిసార్లు చెప్పాలి నీకు? కొరికితే ఇవ్వను పో. అక్క ఇలా చేసేదా? మంచిగా తాగేది మీ అక్క. ఉండు, ఇటు తిరుగు, ఆ కాలు తియ్యి."

వెనక కాఫీ గుబురు కదిలింది.

"అమ్మా, తమ్ముడు కరుస్తున్నాడా?"

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఉండదేమోనని భయం. మా అమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. అడవి నా గొంతు నేర్చుకుందో, నా కూతురి గొంతు నేర్చుకుందో అని ఒక క్షణం కొయ్యబారిపోయాను. అంతలో తడిసిన చిన్న చెయ్యి నా మెడ మీద పడింది. చల్లగా ఉంది, బురదగా ఉంది. నా పిల్ల చెయ్యే.

లాగి ఒళ్ళోకి తెచ్చుకున్నాను. ఇద్దర్నీ కలిపి ఎంత గట్టిగా పట్టుకున్నానో, ఇద్దరూ ఏడ్చారు. మోకాళ్ళు కొట్టుకుపోయాయి, ఒక కాలికి చెప్పు లేదు, జుట్టు నిండా ఆకులు. మిగతా అంతా బాగానే ఉంది. ఎక్కడున్నావే అంటే, గెడ్డ దగ్గర చెప్పు తెగితే వదిలేసి వచ్చి దాక్కున్నానంటూ గుబురు చూపించింది. నేను కూచున్న బండకి నాలుగు మొక్కల అవతల. అందరం కలిసి వెతుకుతూ, పళ్ళేలు మోగిస్తూ దాని పక్క నుంచే వెళ్ళాం. ఒకసారి మామయ్య మంట దాని మొహానికి వెచ్చగా తగిలిందట.

"నేను పిలిచాను కదే, వినపడలేదా?"

"వినపడింది."

"మరి పలకలేదేం?"

అది నా చెవి దగ్గర నోరు పెట్టింది. ఇంకా ఎవరైనా వింటారని దాని భయం.

"దొంగలు నిన్ను పట్టుకున్నారు కదా. చుట్టూ ఉన్నారు కదా మంటలు పెట్టుకుని. నీ చేత నన్ను పిలిపిస్తున్నారనుకున్నాను. నువ్వు ఏడుస్తున్నావు కదా. నేను పలికితే నన్ను కూడా పట్టుకుంటారని, వాళ్ళు నిన్ను వదిలేసి వెళ్ళాక వద్దామని కూచున్నాను."

తమ్ముడూ, మరదలూ, నాకు నడక నేర్పిన ఊరూ మంటలు పట్టుకుని నా చుట్టూ నిలబడితే, నా కూతురికి దొంగల మధ్య చిక్కుకున్న తల్లి కనిపించింది. అది చెప్పినట్టు విన్న పిల్ల. తల్లి ఏడుస్తున్నా నోట్లో గౌను కుక్కుకుని, కదలకుండా కూచుంది.

విశాఖపట్నం తిరిగి వచ్చాక ఈ సంగతి గేటు దగ్గర చెప్పాను. పై ఇంటావిడ కళ్ళు తుడుచుకుంది. "సూసారా, నేర్పినాం కాబట్టి గట్టిగా నిలబడింది గుంట. లేకపోతే ఎవుడు పిలిసినా ఎల్లిపోదేటి?" అని అందరితో అంది. తల్లులందరూ నా కూతురి బుగ్గలు పుణికారు. ఒకావిడ వచ్చే ఆదివారం నుంచే తన కొడుక్కి కూడా నేర్పుతానంది. నేను ఏదో అనబోయి ఊరుకున్నాను. అనుంటే ఏమని ఉండేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు. ఎత్తుకుపోయేవాళ్ళు లేరని చెప్పగలనా? చెప్పలేను. నా భయం ఏమీ తగ్గలేదు, ఇంకోటి వచ్చి కలిసింది, అంతే.

వాళ్ళకి చెప్పని సంగతి ఒకటుంది. కూతురు దొరికాక, మిగిలిన గొంతుతో నేను కూక వేశాను. ఎన్నో ఏళ్ళ తర్వాత వేసిన కూక. గెడ్డలోంచి ముందుగా పైకి ఎక్కి వచ్చింది చిన్నాన్న. నడుముకి తాడు అలాగే ఉంది, మొల దాకా తడిసి ఒణుకుతున్నాడు, చేతిలో మంట. పిల్లని చూసి "దొరికిందే! దొరికిందే!" అని రెండు చేతులూ చాపి పరిగెత్తుకొచ్చాడు. నా కూతురు కెవ్వున అరిచి నా చీరలోకి దూరిపోయింది. ఒళ్ళంతా పురుగు పడ్డట్టు కొట్టుకుంది.

ఆయన ఉన్నచోటే ఆగిపోయాడు. చాపిన చేతులు మెల్లగా దించాడు. మంట వెలుగులో తన మొహం పిల్లకి కనపడుతోందని అర్థమై, మంటని గెడ్డ వైపుకి పట్టుకున్నాడు. "తాత, అమ్మా. మన తాత. నన్నెత్తుకుని తిప్పిన తాత" అని నేను చెబుతూనే ఉన్నాను. అది వినలేదు. ఇందాక నా మొహంలో ఆయన చూసిందే ఇప్పుడు నా కూతురి అరుపులో విన్నాడని నాకు తెలుసు. క్షమించమని అడగాలనిపించింది. పిల్ల ముందు ఏమని అడగను?

"ఏటీ అనకు దాన్ని" అన్నాడు చిన్నాన్న. "బయపడింది. నేను ముందు నడుత్తాను. నా ఎనకాల రండి. దాని మొగం అటేపు తిప్పుకో."

మాకు వెలుగు పడేలా మంటని భుజం మీదుగా వెనక్కి పట్టుకుని, ఇల్లు చేరేదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరక్కుండా నడిచాడు. వెనకే వచ్చిన మా అమ్మ చంకలో కొడుకు, నా చంకలో కూతురు. దారి పొడుగునా ఆయన భుజాలు అదురుతున్నాయి. చలికేమో అనుకున్నాను. కాసేపటికి ముక్కు ఎగపీల్చడం వినిపించింది.

కూతురు నా మెడ మీంచి తలెత్తి ఆయన వీపు వైపు చాలాసేపు చూసింది.

"అమ్మా, ఆ దొంగెందుకు ఏడుస్తున్నాడు?" అని అడిగింది.

ఆయన విన్నాడు. మంటని ఇంకాస్త ఎత్తి పట్టుకుని, "ఇక్కడ రాయుంది, సూసుకుని అడుగెయ్యమ్మా" అన్నాడు నాతో.